‘ఎంతో అంత’ నుంచి జవాబు దాకా

ఫస్టియర్‌లో ఎం-వన్ అనగానే అందరికీ గుర్తొచ్చే భయం డిఫరెన్షియల్ ఈక్వేషన్లూ, మ్యాట్రిక్స్‌లూ. కానీ మార్కులు పోయిన ఒక ఆన్సర్ షీట్ ముందు పెట్టుకుని, తప్పు సరిగ్గా ఏ లైన్లో పడిందో వేలు పెట్టి వెతకండి. చాలాసార్లు అది కొత్త పాఠంలో ఉండదు. బ్రాకెట్ తీసినప్పుడు మైనస్ మారలేదు. రెండు వైపులా ఉందని ఒక పదాన్ని కొట్టేశారు. టాన్ రావాల్సిన చోట సైన్ వచ్చింది. అంటే పోయింది ఇంజనీరింగ్ లెక్క కాదు, పదో తరగతి లెక్క.

ఇది చిన్న విషయం కాదు. మండలాల్లోని బడుల్లో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్లు చాలామంది, ఆ ఒక్క లైన్ తప్పుని చూసి ‘నాకు మ్యాథ్స్ రాదు’ అని తీర్మానం చేసేసుకుంటారు. బ్యాక్‌లాగ్ పడుతుంది, అది సెమిస్టర్ తర్వాత సెమిస్టర్ వెంట నడుస్తుంది, చివరికి ప్లేస్‌మెంట్ ఫారంలో ‘బ్యాక్‌లాగ్స్ ఎన్ని?’ అనే గడి దగ్గర నిలబెడుతుంది. నిజానికి వాళ్లకు రానిది మ్యాథ్స్ కాదు. ఒక స్టెప్పు నుంచి ఇంకో స్టెప్పుకి ఎందుకు వెళ్తున్నామో ఎవరూ అడగనివ్వలేదు, అంతే.

సెలవులకి మా శింగనమల వెళ్తే, హోంవర్క్ పుస్తకం పట్టుకుని వచ్చే తొమ్మిదీ పదీ పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: “అన్నా, దీనికి ఏ ఫార్ములా?” హాస్టల్లో మన జూనియర్లు అడిగేదీ అదే. ఈ వ్యాసం ఆ ప్రశ్నని పక్కన పెట్టి, దాని బదులు ఏ ప్రశ్నలు అడగాలో చెప్పే ప్రయత్నం.

నాలుగు ప్రశ్నలు

జార్జ్ పోల్యా అనే గణిత శాస్త్రజ్ఞుడు 1945లో లెక్కలు చేయడం ఎలా అన్న విషయం మీదే ఒక పుస్తకం రాశాడు. లెక్కని అర్థం చేసుకోవడం, దారి ఆలోచించడం, ఆ దారిలో నడవడం, వెనక్కి తిరిగి చూసుకోవడం: ఇవీ ఆయన చెప్పిన నాలుగు దశలు. మన మాటల్లో పెట్టుకుంటే ఇలా:

ఒకటి, ఏమి అడిగాడు?
రెండు, ఏమి ఇచ్చాడు?
మూడు, ఈ రెంటినీ కలిపే సంబంధం ఏది?
నాలుగు, వచ్చిన జవాబు లెక్కలోని మొదటి వాక్యానికి సరిపోతోందా?

ఫార్ములా అనేది మూడో ప్రశ్నకి వచ్చే జవాబుల్లో ఒకటి మాత్రమే. మొదటి రెండూ దాటకుండా మూడోదాన్ని అడిగితే తలుపు ఎక్కడుందో చూడకుండా తాళంచెవి వెతుక్కున్నట్టు ఉంటుంది.

బీజం అంటే విత్తనం

బీజగణితంలో బీజం అంటే విత్తనమే. మన పూర్వీకులు తెలియని రాశిని ‘యావత్తావత్’ అన్నారు, అంటే ‘ఎంతో అంత’. భాస్కరాచార్యుడు 1150లో రాసిన బీజగణితంలో మొదటి తెలియని రాశి ‘యావత్తావత్’. ఇంకోటి కావాలంటే ‘కాలక’, ఇంకోటి ‘నీలక’. ఇవి రంగుల పేర్లు. రాసేటప్పుడు మొదటి అక్షరాలు చాలు: యా, కా, నీ. మనం ఎక్స్, వై అంటున్నవాటికి ఇవి తాతలు. ఇది తెలుగు పత్రిక కాబట్టి ఇక్కడ యా, కా లతోనే పోదాం. అక్షరం ఏదైనా లెక్క మారదని కూడా దీనితో తేలిపోతుంది.

ఇప్పుడు ఒక లెక్క. అంకెలు లెక్క కోసం అనుకున్నవి.

*ఒక రైతు 9 ఎకరాల్లో కొంత వేరుశనగ, మిగతాది కంది వేశాడు. ఖర్చు వేరుశనగకు ఎకరాకు 20,000 రూపాయలు, కందికి ఎకరాకు 8,000 రూపాయలు. మొత్తం 1,32,000 రూపాయలు అయింది. ఏది ఎన్ని ఎకరాలు?*

ఏమి అడిగాడు? రెండు సంఖ్యలు. వేరుశనగ ‘యా’ ఎకరాలు, కంది ‘కా’ ఎకరాలు అనుకుందాం. ‘అనుకుందాం’ అన్న ఈ వాక్యం రాయకుండా లెక్క మొదలుపెట్టొద్దు. సగం మంది చివర్లో ‘యా = 5’ అని ఆపేసి, ఆ 5 ఎకరాలా రూపాయలా అన్నది మర్చిపోతారు.

ఏమి ఇచ్చాడు? రెండు సంగతులు: ఎకరాల మొత్తం, ఖర్చు మొత్తం. ఒక్కో సంగతికి ఒక్కో సమీకరణం.

యా + కా = 9
20,000 యా + 8,000 కా = 1,32,000

ఇక్కడ ఎలిమినేషన్ మెథడ్ అంటారు. కానీ బడి మొహం చూడని రైతు కూడా దీన్ని నోటితో ఇలా చేస్తాడు: “తొమ్మిదెకరాలూ కందే వేసుంటే 72,000 అయ్యేది. అయింది 1,32,000. అంటే 60,000 ఎక్కువ. ఎకరా కంది తీసి బుడ్డలు వేస్తే 12,000 ఎక్కువ పడుతుంది. 60,000 అంటే అయిదెకరాలు.”

దీన్నే కాగితం మీద పెడదాం. మొదటి సమీకరణాన్ని 8,000 తో గుణిస్తే

8,000 యా + 8,000 కా = 72,000

రెండో సమీకరణంలోంచి దీన్ని తీసేస్తే

12,000 యా = 60,000
యా = 5, కా = 9 − 5 = 4

‘మొదటి సమీకరణాన్ని 8,000 తో గుణించడం’ అంటే ‘అంతా కందే అనుకోవడం’. ‘తీసేయడం’ అంటే ‘ఎంత ఎక్కువైందో చూడడం’. ఎలిమినేషన్‌లో ఇంతకు మించి రహస్యం లేదు.

ఇక నాలుగో ప్రశ్న. 5 ఎకరాలకి 1,00,000, 4 ఎకరాలకి 32,000. కలిపితే 1,32,000. సరిపోయింది. సరిచూసేటప్పుడు మధ్యలోని స్టెప్పుల్లో కాదు, లెక్క ఇచ్చిన వాక్యంలోనే జవాబు పెట్టి చూడాలి. మధ్యలో సమీకరణమే తప్పు రాసుంటే, తప్పు జవాబు కూడా దానికి చక్కగా సరిపోతుంది మరి.

కుంటని చదరం చేస్తే

*చేనులో తవ్విన ఒక పంటకుంట పొడవు, వెడల్పు కంటే 4 మీటర్లు ఎక్కువ. వైశాల్యం 96 చదరపు మీటర్లు. కొలతలు ఎంత?*

వెడల్పు యా అనుకుంటే పొడవు యా + 4.

యా (యా + 4) = 96
యా² + 4యా − 96 = 0

కారణాంకాల పద్ధతిలో, గుణిస్తే −96, కలిపితే +4 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. 12, −8.

(యా + 12)(యా − 8) = 0
యా = −12 లేదా యా = 8

ఇదంతా మనకి తెలిసిందే. కానీ కారణాంకాలు దొరకని లెక్క వస్తే? అప్పుడు వాడే పెద్ద ఫార్ములా (చాలా పుస్తకాల్లో శ్రీధరాచార్యుడి పేరుతో ఉంటుంది) ఎక్కడి నుంచి వచ్చిందో ఈ కుంటలోనే చూడొచ్చు.

కుంట బొమ్మ గీయండి. అందులో యా × యా చదరం ఒకటి, దాని పక్కన 4 మీటర్ల వెడల్పున్న అదనపు పట్టీ ఒకటి. ఆ పట్టీని నిలువుగా సగానికి కోయండి. 2 మీటర్ల పట్టీలు రెండు వస్తాయి. ఒకటి చదరానికి కుడి పక్క ఉంచి, ఇంకోటి కింద అంటించండి. దాదాపు పెద్ద చదరం అయింది, ఒక మూల మాత్రం 2 × 2 ముక్క తక్కువ. ఆ 4 చదరపు మీటర్లూ కలిపేస్తే చదరం పూర్తి.

యా² + 4యా + 4 = 96 + 4
(యా + 2)² = 100
యా + 2 = +10 లేదా −10
యా = 8 లేదా −12

‘వర్గాన్ని పూర్తి చేయడం’ అనే పేరు అందుకే వచ్చింది. ‘సగం చేసి, వర్గం చేసి, రెండు వైపులా కలుపు’ అని బట్టీ పట్టిన వాక్యంలో సగం అంటే పట్టీని కోయడం, వర్గం అంటే మూల నింపడం. అంకెల బదులు అక్షరాలు పెట్టి ఇదే పని చేస్తే ఆ పెద్ద ఫార్ములా వచ్చేస్తుంది. ఒకసారి చేతితో చేసి చూడండి, ఇక మర్చిపోరు.

మరి −12? సమీకరణానికి అది నిజమైన మూలమే. కానీ మన కుంటకి కాదు, వెడల్పు రుణ సంఖ్య కాలేదు కాబట్టి. −12 ని ఊరికే కొట్టేయకుండా ‘వెడల్పు ధనాత్మకం కాబట్టి యా = 8’ అని ఒక వాక్యం రాయాలి. వెడల్పు 8, పొడవు 12, వైశాల్యం 96.

మూడు గోతులు

అందరూ పడే గోతులు మూడున్నాయి. మూడింటినీ కనిపెట్టే కిటుకు ఒక్కటే: చిన్న అంకె పెట్టి చూడడం.

మొదటిది, కూడికకి వర్గం. (3 + 4)² అంటే 49. 3² + 4² అంటే 25. రెండూ ఒకటి కావని చిన్నపిల్లలకీ తెలుసు. అక్షరాలు రాగానే మాత్రం మనమే విడదీసేస్తాం. వర్గమూలం కూడా అంతే: √(9 + 16) అంటే 5, 7 కాదు. తప్పిపోయిన ‘రెండు రెట్లు లబ్ధం’ ఏమిటో పై కుంట బొమ్మలోనే ఉంది, అవే ఆ రెండు పట్టీలు.

రెండోది, బ్రాకెట్ ముందు మైనస్. 7 − (యా − 3) ని విప్పితే 7 − యా + 3. అనుమానం వస్తే యా = 5 పెట్టండి. బ్రాకెట్‌తో 7 − 2 = 5. విప్పాక 7 − 5 + 3 = 5. గుర్తు మార్చకుండా 7 − యా − 3 అని రాసుంటే −1 వచ్చేది, తప్పు అక్కడే దొరికిపోయేది.

మూడోది, రెండు వైపులా కొట్టేయడం. యా² = 5యా అని ఉంటే యా తో భాగించి యా = 5 అంటాం. కానీ యా = 0 పెట్టినా సమీకరణం నిజమే కదా! ఒక జవాబు మన చేతులతోనే చెరిపేశాం. భాగించే ముందు ‘ఇది సున్నా అయితే?’ అని అడగాలి. భాగించకుండా అన్నీ ఒక వైపుకి తెచ్చి యా (యా − 5) = 0 అని రాయడం క్షేమం.

కట్ట మీంచి కొండ

త్రికోణమితిలో మితి అంటే కొలత. దాని ముఖ్యమైన మాట సైన్‌కి మూలం మన దగ్గరే ఉంది. విల్లుకి కట్టే తాడుని సంస్కృతంలో జ్యా అనీ, జీవా అనీ అంటారు. వృత్తంలో చాపం విల్లయితే జ్యా దాని తాడు. ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలో 24 జ్యా విలువల మధ్య తేడాలు ఇచ్చాడు. ఆ ‘జీవా’ అరబ్బీలోకి ‘జీబ’ అయి వెళ్లింది. దాన్ని ‘జైబ్’ అని చదివి, ఆ మాటకి ఒడి, మడత అనే అర్థాలుండటంతో లాటిన్‌లో ‘సైనస్’ అన్నారు. అలా విల్లుతాడు సైన్ అయి మన కాల్క్యులేటర్‌లోకి తిరిగొచ్చింది.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. శింగనమల శ్రీరంగరాయల చెరువు దగ్గర నిలబడితే చుట్టూ కొండలు కనిపిస్తాయి. ఎక్కకుండా ఒక కొండ ఎత్తు కనుక్కోవాలి. పరికరం ఇంట్లోనే తయారవుతుంది: కంపాస్ బాక్స్‌లోని కోణమానిని, దాని తిన్నని అంచుకి అంటించిన ఒక స్ట్రా, మధ్య బిందువు నుంచి వేలాడే దారం, దారం చివర చిన్న రాయి. స్ట్రాలోంచి శిఖరం చూస్తుంటే దారం ఎక్కడ నిలిచిందో పక్కనున్నవాళ్లు చదవాలి. దారం 60 దగ్గర నిలిస్తే 90 − 60, అంటే ఊర్ధ్వకోణం 30°.

*చదునైన నేల మీద ఒక చోట నుంచి శిఖరం 30° ఊర్ధ్వకోణంలో కనిపించింది. కొండ వైపు తిన్నగా 60 మీటర్లు నడిచాక 45° అయింది. కంటి మట్టం నుంచి కొండ ఎత్తు ఎంత?* (ఇవీ లెక్క కోసం అనుకున్న అంకెలే.)

ముందు బొమ్మ. త్రికోణమితిలో బొమ్మ గీయని స్టెప్పు అంటూ ఉండకూడదు. ఎత్తు ‘ఎ’ అనుకుందాం. రెండో చోటు నుంచి, శిఖరానికి సరిగ్గా కింద ఉండే బిందువుకి దూరం ‘దూ’. ఆ బిందువు కొండ లోపల ఉంటుంది, అక్కడికి టేపు పట్టలేం. అందుకే కోణం రెండుసార్లు కొలవాల్సి వచ్చింది.

సైనా, కాసా, టానా? కర్ణం మనకి ఇవ్వలేదు, అడగలేదు. ఉన్నవి ఎదుటి భుజం, ఆసన్న భుజం. ఆ రెంటినీ కలిపేది టాన్. ఎంపికకి ఇంతకన్నా సూత్రం అక్కర్లేదు.

దగ్గరి చోటు నుంచి: టాన్ 45° = ఎ ÷ దూ. టాన్ 45° విలువ 1 కాబట్టి దూ = ఎ.
దూరపు చోటు నుంచి: టాన్ 30° = ఎ ÷ (దూ + 60). టాన్ 30° విలువ 1/√3 కాబట్టి దూ + 60 = √3 ఎ.

దూ బదులు ఎ రాస్తే

ఎ + 60 = 1.732 ఎ
60 = 0.732 ఎ
ఎ = 60 ÷ 0.732, సుమారు 82 మీటర్లు

చూసే మనిషి కంటి ఎత్తు 1.5 మీటర్లయితే కొండ ఎత్తు సుమారు 83.5 మీటర్లు. సరిచూద్దాం: 82 ని 142 తో భాగిస్తే 0.577. టాన్ 30° అంతే. త్రికోణమితి లెక్క అన్నాం గానీ, టాన్ విలువలు రెండు రాశాక మిగిలిందంతా బీజగణితమే.

పాఠ్యపుస్తకం ఇక్కడ ఆగిపోతుంది. మనం ఇంజనీర్లం కాబట్టి ఇంకో ప్రశ్న వేద్దాం. దారం కొంచెం ఊగి, 30° బదులు 31° అని చదివామనుకోండి. అదే లెక్క మళ్లీ చేస్తే ఎత్తు సుమారు 90 మీటర్లు వస్తుంది! ఒక్క డిగ్రీకి ఎనిమిది మీటర్ల తేడా. 0.732 అనేది రెండు దగ్గరి సంఖ్యల మధ్య తేడా కాబట్టి, అందులో చిన్న మార్పు వచ్చినా జవాబు బాగా కదిలిపోతుంది. కోణం 60° అయ్యేదాకా కొండకి ఇంకా దగ్గరగా నడిచి కొలిస్తే ఈ తేడా తగ్గుతుంది. ఏ చోట నిలబడి కొలవాలి అన్నది కూడా లెక్కలో భాగమే.

నిరూపించడం, సాధించడం వేరు

‘నిరూపించుము’ అన్న లెక్కల్లో పడే తప్పు వేరే రకం. (1 − సైన్ తీటా) ÷ కాస్ తీటా, కాస్ తీటా ÷ (1 + సైన్ తీటా) కి సమానమని చూపాలనుకుందాం. చాలామంది అడ్డంగా గుణించి మొదలుపెడతారు. అంటే నిరూపించాల్సినదాన్నే నిజమని ముందే ఒప్పేసుకున్నారు. పద్ధతి ఇది: ఎడమ వైపు మాత్రమే పట్టుకుని, పైనా కిందా (1 + సైన్ తీటా) తో గుణించండి. పైన 1 − సైన్² తీటా, అంటే కాస్² తీటా వస్తుంది. కింద కాస్ తీటా × (1 + సైన్ తీటా). ఒక కాస్ పోతుంది, కుడి వైపు మిగులుతుంది. కాస్ తీటా సున్నా కాని కోణాలకే ఇది వర్తిస్తుంది, మూడో గొయ్యి గుర్తుందిగా.

‘సాధించుము’ అంటే దారి వేరు. 2 సైన్² తీటా + సైన్ తీటా − 1 = 0 ని 0° నుంచి 360° లోపు సాధించాలి. సైన్ తీటాని యా అనుకుంటే 2యా² + యా − 1 = 0. అంటే (2యా − 1)(యా + 1) = 0. యా = 1/2 లేదా −1. ఇక్కడ కాల్క్యులేటర్ 1/2 కి 30° అని చెప్పి ఊరుకుంటుంది. 150° కి కూడా సైన్ అంతే అని గుర్తుపెట్టుకోవాల్సింది మనం. −1 కి 270°. జవాబులు మూడు: 30°, 150°, 270°.

గుత్తి దగ్గర కొలిచిన గీత

ఇవన్నీ పరీక్షల కోసమే అనుకునేవాళ్లకి మన జిల్లాలోనే ఒక జవాబు ఉంది. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర వంద అడుగుల ఉక్కు గొలుసుతో ఒక ఆధార రేఖ కొలవడం మొదలుపెట్టాడు. పొడవు పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు. దేశాన్ని త్రిభుజాలతో కొలిచిన గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేకి అది ఆరంభం. దాని వెన్నెముక లాంటి గొలుసుకట్టు త్రిభుజాలు కన్యాకుమారి నుంచి ఉత్తరానికి, సుమారు 78 డిగ్రీల రేఖాంశం వెంట, మన అనంతపురం ప్రాంతం మీదుగానే సాగాయి.

ఆ పని వెనకున్న లెక్క మన ఇంటర్ పుస్తకంలోని సైన్ సూత్రమే. క, ఖ అనే రెండు చోట్ల మధ్య దూరం 1000 మీటర్లు అనుకోండి. దూరంగా కొండ మీద గ అనే జెండా. క దగ్గర కోణం 75°, ఖ దగ్గర 60°. మూడు కోణాల మొత్తం 180° కాబట్టి గ దగ్గర 45°. భుజాన్ని దాని ఎదుటి కోణం సైన్‌తో భాగిస్తే మూడింటికీ ఒకే విలువ రావాలి. కగ కి ఎదురుగా ఉన్నది ఖ. కాబట్టి

కగ = 1000 × సైన్ 60° ÷ సైన్ 45° = 1000 × 0.8660 ÷ 0.7071, సుమారు 1225 మీటర్లు

ఇప్పుడు కగ మన కొత్త ఆధార రేఖ. దాని మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి. నేల మీద గొలుసు పరిచింది ఒక్కసారే, మిగతాదంతా కోణాలూ సైన్‌లూ. ఒక్క డిగ్రీ తప్పితే ఏమవుతుందో మన కొండ లెక్కలో చూశాం కదా. అందుకే లాంబ్టన్ అర టన్ను బరువున్న థియోడలైట్‌ని కొండల మీదికి మోయించాడు.

అయినా అంతటితో నమ్మలేదు. లెక్క కొంత దూరం సాగాక మళ్లీ నేల మీద గొలుసు పరిచి ఒక గీతని నిజంగా కొలిచాడు. లెక్కలో వచ్చిన పొడవూ, కొలతలో వచ్చిన పొడవూ పోల్చాడు. బెంగళూరు దగ్గర 1804లో అలా చేస్తే తేడా కొన్ని అంగుళాలే వచ్చింది. 1811లో అలాంటి ఆధార రేఖనే శింగనమలకి ఉత్తరాన ఉన్న గుత్తి దగ్గర కొలిచారు. అంటే మనం ‘టైమ్ లేదు’ అని వదిలేసే నాలుగో ప్రశ్న కోసం ఆయన గుడారాలు వేసుకుని, గొలుసులు పరిచి, ఎండలో పని చేయించాడు.

మీ వంతు

మూడు లెక్కలు ఇస్తున్నాను.

ఒకటి: ఒక దొడ్లో గొర్రెలూ కోళ్లూ కలిపి 30 తలలు, 86 కాళ్లు. ఏవి ఎన్ని? ముందు నోటితో చేయండి, తర్వాత యా, కా లతో.

రెండు: పొద్దు 60° ఎత్తులో ఉన్నప్పటి కంటే 30° ఎత్తుకి దిగాక ఒక వేపచెట్టు నీడ 10 మీటర్లు పెరిగింది. చెట్టు ఎత్తు ఎంత?

మూడు: 2 కాస్² తీటా = కాస్ తీటా. 0° నుంచి 360° లోపు జవాబులు ఎన్ని? రెండే వస్తే, ఏ గోతిలో పడ్డారో ఈ వ్యాసంలో వెతుక్కోండి.

జవాబులు వచ్చే సంచికలో కూడా వేయం. మీది సరైనదో కాదో తేల్చడానికి ఎడిటర్ అక్కర్లేదు. జవాబుని తీసుకెళ్లి లెక్కలోని మొదటి వాక్యంలో పెట్టండి, అదే చెబుతుంది. ఈ సెలవుల్లో మీ ఊరి పిల్లాడెవరైనా “ఏ ఫార్ములా?” అని అడిగితే పెన్ను వాడి చేతికే ఇచ్చి, “ముందు, ఏమి అడిగాడో చెప్పు” అనండి.